లైన్ మావయ్య శంఖుపూల కనెక్షన్

మా మావయ్యకి ఖాళీ కనపడకూడదు. కనపడిందా, ఇక అంతే సంగతులు. అటొక మేకూ ఇటొక మేకూ చూసుకుని మధ్యలో తాడు కట్టేస్తాడు. ఎందుకని మాత్రం అడక్కండి. అడిగినవాళ్ళ చేతిలో ఒక కొస పెట్టి "కాస్త ఇది గట్టిగా పట్టుకో" అంటాడు. అలా పట్టుకుని అరగంట నిలబడ్డవాళ్ళు మా సందులో చాలామంది ఉన్నారు.

ముప్పయ్ నాలుగేళ్ళు కరెంటాఫీసులో లైన్‌మ్యాన్‌గా చేశాడు. రిటైరైన రోజు ఆఫీసువాళ్ళు ఒక గోడ గడియారం చేతిలో పెట్టి పంపించారు. ఇంటికొచ్చి దాన్ని గోడకి తగిలించాడు. తగిలించి ఊరుకుంటే మావయ్య ఎందుకవుతాడు? గడియారం మేకు నుంచి కిటికీ ఊచ దాకా తాడు లాగాడు.

"ఇదెందుకన్నయ్యా?" అంది మా అమ్మ.

"ఉండనీవే. ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది."

మర్నాడు పొద్దున్నే ఆ తాడు మా అమ్మ కళ్ళజోడుని ఎగరేసుకుపోయింది.

సెలూన్‌కి వెళ్ళి పది నిమిషాలు ఖాళీగా కూచోవాల్సొచ్చింది ఒకసారి. ఆ పది నిమిషాల్లో అద్దం కొక్కేనికీ కుర్చీ చేతికీ తాడు కట్టాడట. సెలూన్ అతను ఎవరికో గడ్డం గీద్దామని కుర్చీ వెనక్కి వాల్చాడు. కుర్చీతోపాటు అద్దం కూడా వచ్చింది. ఆ రోజు నుంచీ మావయ్యకి అక్కడ నిలబెట్టే క్రాపు కొడతారు.

నా పాలపన్ను సంగతి కూడా చెప్పాలి. ఊగే పన్నుకి దారం కట్టి తలుపుతో లాగడం అందరిళ్ళల్లోనూ ఉన్నదే. మావయ్య ఊగని పళ్ళకి కూడా కట్టాడు. "ఇవి స్టే వైర్లమ్మాయీ. ఒక స్తంభం పడితే పక్కవి ఒరగకుండా" అన్నాడు. నోటి నిండా దారాలతో నేను ఏడవడానికి కూడా వీల్లేకపోయింది.

సందులో పిల్లా పెద్దా అందరికీ ఆయన లైన్ మావయ్య. పెళ్ళి చేసుకోలేదు. మా బిల్డింగు డాబా మీద గదిలో ఉంటాడు. కాకీ ప్యాంటు, వెనక జేబులో కటింగ్ ప్లేయరు, ముందు జేబులో తాటిపండంత తాడు ఉండ. రెండో అంతస్తులో మా అమ్మా నేనూ ఉంటాం. ఎదురు బిల్డింగులో, సరిగ్గా మా బాల్కనీకి ఎదురుగా, మా పిన్ని వాళ్ళ బాల్కనీ. మధ్యలో సందు వెడల్పు పదడుగులు. మావయ్యకి అమ్మా పిన్నీ ఇద్దరూ చెల్లెళ్ళే.

ఆ పదడుగుల అవతలున్న పిన్నితో మా అమ్మ మూడేళ్ళు మొహం చూసి మాట్లాడలేదు. కారణం వింటే నవ్వుతారు. కుక్కర్ విజిల్! మా కుక్కర్‌ని పిన్ని ఒక పూటకని తీసుకెళ్ళి, సాయంత్రానికి శుభ్రంగా తోమి తెచ్చిచ్చింది. మూత మీద విజిల్ లేదు.

"విజిలేదే?" అంది అమ్మ.

"నువ్విచ్చినప్పుడే లేదక్కా. నేను గిన్నెలోనే వండుకున్నాను."

"నా ఇంట్లోంచి వెళ్ళింది. నీ ఇంట్లోంచి రాలేదు. నేనిక ఏమీ అనను."

ఏమీ అనను అన్న మనిషి ఆర్నెల్లపాటు రోజూ అంది. కొత్త విజిల్ కొనుక్కొస్తానంటే నా మీద ఇంతెత్తున లేచింది. "మనమెందుకు కొనాలి? తీసినవాళ్ళు తెచ్చివ్వాలి!" అని కుక్కర్‌ని అటకెక్కించింది. అప్పట్నుంచీ మా ఇంట్లో ఏది ఉడకాలన్నా గంటన్నర పట్టేది.

నా గతి చూడండి. నన్ను సగం పెంచింది పిన్ని. పిన్నింటికి వెళ్ళొస్తే అమ్మ మొహం మాడ్చుకునేది. వెళ్ళకపోతే "మీ అమ్మ వద్దందా?" అని పిన్ని కళ్ళొత్తుకునేది. రోడ్డు మీద ఎదురుపడితే ఇద్దరూ ఒకేసారి చెప్పులు సరిచేసుకోవడానికి వంగేవాళ్ళు. ఆ గొడవ మధ్య పిన్ని "ఊరికి ఆ చివర ఇల్లు చూసుకుంటున్నాం" అని మొదలుపెట్టింది. పదడుగుల దూరంలోనే కలవనివాళ్ళు పది మైళ్ళ దూరం పోయాక కలుస్తారా? ఇక చచ్చేదాకా ఇంతే అనుకున్నాను.

మావయ్యతో మొరపెట్టుకున్నాను. "నువ్వు అన్నవి కదా, ఇద్దర్నీ కూచోబెట్టి నాలుగు చీవాట్లు పెట్టకూడదూ?"

ఆయన నా మాట వింటున్నాడా? బాల్కనీల మధ్య ఖాళీ వైపు ఒక కన్ను మూసి చూస్తున్నాడు. "పదడుగుల రెండంగుళాలు" అన్నాడు.

చూశారా, మా కొంప మునుగుతుంటే ఆయనకి కొలతలు!

వారం తిరక్కుండా మా సందు చివరి టైలరమ్మ దగ్గర ఐదు శంఖుపూల గింజలు పట్టుకొచ్చాడు. నల్లగా, గట్టిగా, పెసరగింజ కన్నా కాస్త పెద్దగా ఉన్నాయి. పైతోలు గట్టిదని ఒక్కోదానికి బ్లేడుతో చిన్న గాటు పెట్టి రాత్రంతా నానబెట్టాడు. మర్నాడు పాత రంగుల బకెట్‌కి అడుగున చిల్లులు పొడిచి, మట్టి నింపి, మా బాల్కనీలో పెట్టాడు. బకెట్ మీద చాక్‌పీసుతో 'సబ్‌స్టేషన్' అని రాశాడు. ఎవరూ చెయ్యి పెట్టకూడదట.

ఐదింట్లో మూడు మొలిచాయి. ఇరవై రోజులకి ఒక తీగ కొస గాల్లో ఊగి ఊగి పక్కనున్న తాడుని పట్టుకుని రెండు మెలికలు తిరిగింది. ఆ రోజు మావయ్య ఆనందం చూడాలి. నన్ను చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించాడు.

"చూశావా అమ్మాయీ! తాడు చూపిస్తే చాలు, చెప్పకుండా ఎక్కేసింది. టీ అడగదు, సెలవడగదు. ముప్పయ్ నాలుగేళ్ళలో ఇలాంటి హెల్పరు నాకొక్కడూ దొరకలేదు!"

ఇక తీగకి మా ఇంట్లో కరెంటు భాషే. మొదలు కాండం ఫీడరు. పక్క కొమ్మలు సర్వీసు వైర్లు. ఆకు వాడితే లో వోల్టేజీ. పేనుబంక పడితే "ఎవడో కొక్కెం తగిలించి లాగేస్తున్నాడు" అని సబ్బునీళ్ళు పట్టుకుని బయల్దేరేవాడు. మొదటి పువ్వు పూసిన రోజున, ముదురు నీలం రంగులో నా బొటనవేలంత పువ్వు, చేతులు జోడించి "వెలిగింది!" అన్నాడు.

తర్వాతి ఘట్టం లైన్ లాగడం. తాడు కొసకి గుడ్డలో ఏదో బరువు చుట్టి, మా బాల్కనీలో నిలబడి గిరగిరా తిప్పి పిన్ని బాల్కనీ మీదికి విసిరాడు. మొదటిసారి బాబాయి టీ కప్పులో పడింది. ఆయన నోరు లేని మనిషి, కప్పు తుడుచుకుని లోపలికెళ్ళిపోయాడు. రెండోసారి ఆరేసిన చొక్కాని పట్టుకుని సందులోకి లాక్కొచ్చింది. మూడోసారి పిన్ని గ్రిల్లుకి చుట్టుకుంది. పిన్ని బయటికొచ్చింది.

"నా గ్రిల్లుకి ఈ తాళ్ళేంటన్నయ్యా?"

"కనెక్షన్ ఇస్తున్నానే."

"నేనడగలేదే!"

"అడక్కుండానే ఇచ్చానని సంతోషించాల్సింది పోయి!"

తీగ ఆ తాడు పట్టుకుని రెండు నెలల్లో సందు దాటేసింది. పొద్దుటెండ పిన్ని వైపు పడుతుంది. దాంతో వచ్చిన చిక్కేంటంటే, వేళ్ళు మా బకెట్లో, పూలు పిన్ని గ్రిల్లు మీద! ఇక్కడ నాలుగాకులు, అక్కడ నలభై పువ్వులు. మా అమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"రోజూ చెంబెడు నీళ్ళు నేను పోస్తుంటే పూలు ఆవిడగారికా?"

"కరెంటూ అంతేనే పిచ్చిదానా. ఎక్కడో పుడుతుంది, ఎక్కడో వెలుగుతుంది" అన్నాడు మావయ్య.

శంఖుపూల తీగకి ఒక గుణముంది. కాయలు ముదరనిచ్చామా, విత్తనాలొచ్చాయి కదా అని పూయడం తగ్గించేస్తుంది. లేత కాయలు ఎప్పటికప్పుడు తుంచెయ్యాలి, కొసలు కత్తిరిస్తూ ఉండాలి. ఆ పని పిన్ని వైపు ఎక్కువ. ఒకరోజు పిన్ని కత్తెర పట్టుకుని వచ్చింది. డాబా మీంచి మావయ్య పెట్టిన కేక సందు మొత్తం వినపడింది.

"ఆగు! లైన్ క్లియర్ తీసుకున్నావా?"

"అదేంటి?"

"లైన్ మీద చెయ్యి పెట్టేముందు అవతలి కొసన ఉన్నవాళ్ళని అడగాలి. వాళ్ళు క్లియరన్నాకే ముట్టుకోవాలి. అవతల మనిషున్నాడో లేడో చూసుకోకుండా చెయ్యి పెడితే ప్రాణాలు పోతాయి. నా సర్వీసులో ఒక్క ప్రమాదం లేదు తెలుసా!"

"ఇది మొక్కన్నయ్యా!"

"లైనే! సబ్‌స్టేషన్ మీ అక్క దగ్గరుంది. అడుగు."

పిన్ని నన్ను చూసి "మీ అమ్మనడుగు" అంది.

"చెల్లదు. ఎవరు ముట్టుకుంటారో వాళ్ళే అడగాలి" అన్నాడు మావయ్య. అని మెట్లు దిగి వచ్చి ఇద్దరి మధ్యా సందులో స్టూలేసుకుని కూచున్నాడు. పావుగంట గడిచింది. ఆయన కదిలేలా లేడు. చివరికి పిన్ని ఆకాశం వైపు చూస్తూ "లైన్ క్లియరా?" అంది. మా అమ్మ బకెట్ వైపు చూస్తూ "క్లియర్" అంది.

ఏడాది మీద ఒకరితో ఒకరు అన్న మొదటి మాటలు అవి. నా చేతిలో గ్లాసు జారిపోయింది, నమ్మండి.

అది రోజూ పొద్దున్నే ఆనవాయితీ అయిపోయింది. ఏడున్నరకి "లైన్ క్లియరా?", "క్లియర్." అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడితే ఇద్దరి పౌరుషాలూ ఏమైపోవాలి! కానీ మాటలు కూడా ఆ తీగలాంటివే, ఒక కొస దొరికితే చాలు. కొన్నాళ్ళకి "క్లియర్. అవతల దగ్గు వినపడుతోంది, కషాయం తాగమని చెప్పు" అని గాలికి చెప్పేది అమ్మ. "లైన్ క్లియరా? కాళ్ళు వాచినవాళ్ళు నిలబడి నీళ్ళు పొయ్యక్కర్లేదు, కూచుని పొయ్యొచ్చు" అని గ్రిల్లుకి చెప్పేది పిన్ని. ఇలాగే రెండేళ్ళు గడిచాయి. విజిల్ ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

మావయ్య ఈలోగా తీగకి కాపలా కాస్తూ ఉండేవాడు. సందు మధ్యలో తీగ గుబురుగా అల్లుకున్నచోటికి నిచ్చెనేసుకుని ఎక్కి, ఆకుల్లో తల దూర్చి ఏదో చూసుకుని దిగేవాడు. వాన వెలిసిన ప్రతిసారీ చూసేవాడు. "ఏం చూస్తున్నావు మావయ్యా?" అంటే "జాయింట్లు" అనేవాడు.

అంతలో పిన్నికి ఇల్లు దొరికిపోయింది. ఊరికి ఆ చివరే. నెలాఖరు ఆదివారం పొద్దున్న సందులోకి లారీ వచ్చింది. బీరువా ఎక్కింది, మంచాలెక్కాయి, బాబాయి చేతిలో గోడ గడియారంతో లారీ పక్కన నిలబడ్డాడు. మా అమ్మ ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ ఊడ్చిన గదే మళ్ళీ ఊడుస్తోంది.

"అమ్మా, ఒక్కసారి మాట్లాడవే" అన్నాను.

"నాకేం పని? పోయేవాళ్ళని పోనీ" అంది.

అన్నీ అయ్యాక పిన్ని బాల్కనీలోకి వచ్చింది. చేతిలో కత్తెర. గ్రిల్లు ఖాళీ చెయ్యాలి మరి, తీగని తెగ్గొట్టక తప్పదు. గ్రిల్లు నిండా పూలు. కాసేపు చూస్తూ నిలబడి అలవాటు ప్రకారం అడిగింది.

"లైన్ క్లియరా?"

మా అమ్మ బకెట్ పక్కన చెంబుతో నిలబడి ఉంది. పిన్ని మళ్ళీ అడిగింది.

"లైన్ క్లియరా?"

"ఇవ్వను."

పిన్ని మొట్టమొదటిసారి ఆకాశాన్ని వదిలి అమ్మ మొహంలోకి చూసింది. "ఏంటీ?"

"ఇవ్వనంటున్నా! రెండేళ్ళు రోజూ నీళ్ళు పోశాను. నువ్వు కసుక్కున కోసేసి లారీ ఎక్కి పోతానంటే క్లియరెలా ఇస్తాననుకున్నావు?"

"దొంగది ఉంటే నీకెంత, పోతే నీకెంత?"

"నిన్ను దొంగనన్నానా?"

"నా ఇంట్లోంచి వెళ్ళింది, నీ ఇంట్లోంచి రాలేదన్నావు! దాన్నేమంటారు? మూడేళ్ళు, అక్కా! నువ్వలా అన్నాక నాకు ముద్ద దిగిందనుకున్నావా?"

లారీ డ్రైవరు ఇంజను ఆపేశాడు. మా అమ్మ మొహం తెల్లగా పాలిపోయింది. నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది.

"చెల్లీ... ఆ విజిలు... అసలా విజిలు..."

"ఒక్క నిమిషం!" అని కేక వినపడింది. చూస్తే మావయ్య. సందు మధ్యలో నిచ్చెన మీద ఉన్నాడు. తీగ గుబురులోకి భుజం దాకా చెయ్యి దూర్చి, తడిమి, ఒక తాడు ముక్కని బయటికి లాగాడు. దాని కొసన మట్టి కొట్టుకుని నల్లబడిపోయిన ఒక చిన్న ముద్ద వేలాడుతోంది.

"మీరు మాట్లాడుకునేది దీని గురించేనా?" అన్నాడు.

కుక్కర్ విజిల్!

"అదీ... తాడు విసరాలంటే కొసన బరువుండాలి కదా. మూడేళ్ళ కింద ఇంకేదో తాడు విసరబోతే మీ వంటింట్లో చేతికి ఇదే అందింది. తర్వాత ఇద్దామనుకున్నాను. ఈలోపు మీరు పోట్లాడుకున్నారు. భయమేసి ఈ తీగలో దాచేశాను."

మా అమ్మా పిన్నీ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి ఆయన్ని చూశారు.

"అన్నయ్యా!!"

ఆ తిట్లు నేను రాయలేను. ఇటు నుంచి అమ్మ, అటు నుంచి పిన్ని, మధ్యలో నిచ్చెన మీద మావయ్య. ఒకరు ఊపిరి పీల్చుకునేలోపు ఇంకొకరు అందుకున్నారు. పదడుగుల దూరం నుంచి తిడితే తృప్తి కలగలేదేమో, పిన్ని గబగబా మెట్లు దిగి, సందు దాటి, మా మెట్లెక్కి మా బాల్కనీలోకి వచ్చేసింది. మూడేళ్ళలో మా గడప తొక్కడం అదే మొదలు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి తిట్టారు. తిడుతూ తిడుతూ పిన్ని అమ్మ భుజం మీద తల పెట్టి భోరుమంది. మా అమ్మ చేతిలో చెంబు వదిలేసి రెండు చేతులా పట్టుకుంది.

కింద నుంచి లారీ డ్రైవరు "అమ్మా, బయల్దేరమంటారా, సామాను దించమంటారా?" అన్నాడు.

"ఉండవయ్యా, మా అన్నయ్య సంగతి తేల్చనీ!" అంది పిన్ని. అరగంట తర్వాత దించమంది. బాబాయి గడియారం పట్టుకుని పైకెళ్ళి, ఇందాక తీసిన మేకుకే మళ్ళీ తగిలించాడు.

మావయ్యకి చెల్లెళ్ళిద్దరూ కలిసి శిక్ష వేశారు. నెల్లాళ్ళు తాడు ముట్టుకోకూడదు. పాపం, ఆ నెల్లాళ్ళూ చేతులు జేబుల్లో పెట్టుకుని, రెండు స్తంభాల మధ్య ఖాళీ కనపడితే తల తిప్పుకుని నడిచాడు.

మర్నాడు అమ్మ కుక్కర్‌ని అటక మీంచి దింపించింది. విజిల్ నేను తోమాను. పైన మట్టి వదలగొట్టాక లోపల చూద్దును కదా, తళతళా మెరుస్తోంది. ఒక్కసారి కూడా ఆవిరి తగలని సరుకు. మూత మీద పెట్టి చూశాను. కూచోలేదు, రంధ్రం పెద్దది.

"అమ్మా, ఇది మన కుక్కర్‌ది కాదే!"

అమ్మ గబుక్కున వంటింటి తలుపు దగ్గరగా వేసింది. పై అరలో, పాత గిన్నె అడుగు నుంచి ఒక గుడ్డ మూట తీసి నా చేతిలో పెట్టింది. అందులో ఉంది మా అసలు విజిల్.

"గొడవైన ఆర్నెల్లకే దొరికింది" అంది నేల చూపులు చూస్తూ. "ఆ గిన్నెలోనే పడి ఉంది. నేనే పెట్టి మర్చిపోయాను. దొరికిన రోజే వెళ్ళి దాని చేతులు పట్టుకోవాల్సింది. అన్ని మాటలన్నాక ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? కుక్కర్ పెడితే కూత దానికి వినపడుతుందని అటక మీద నుంచి దింపలేదు. నిన్న చెప్పేద్దామనే నోరు తెరిచాను. అంతలో మీ మావయ్య..."

"మావయ్యకి తెలుసా?"

"అయ్యో, తెలియదే! మమ్మల్ని కలపడానికి పాపం తన మీద వేసుకున్నాడు. అసలుది నా దగ్గరే ఉందని తెలిస్తే ఇంకేమైనా ఉందా! నోరు జారకు."

నేను తిన్నగా డాబా ఎక్కాను. మావయ్య చేతులు జేబుల్లో పెట్టుకుని తీగని చూస్తూ కూచున్నాడు. పక్కనున్న కుర్చీలో నేనూ కూచున్నాను.

"కొత్త విజిల్ ఎప్పుడు కొన్నావు మావయ్యా?"

ఆయన ఉలిక్కిపడలేదు. "రెండేళ్ళయింది. కొత్తగా ఉంటే నమ్మరు కదా. రెండు వానాకాలాలు తీగలో వేలాడదీశాను. బాగా పాతబడిందా?"

"అసలు విజిల్..."

"దొరికిందిగా. నాకు తెలుసులే. ఆర్నెల్లు రోజూ తిట్టిన మనిషి ఒకరోజు తిట్టడం మానేసింది. ఆ రోజే నన్ను వంటింట్లోకి రావద్దంది. ఫాల్టెక్కడుందో కనుక్కోడానికి నాకు మీటరు కావాలా?"

నాకు నిజంగా గుర్తొచ్చింది. అమ్మ ఆయన్ని వంటింట్లోకి రానివ్వడం మానేసింది రెండున్నరేళ్ళ కింద. తాళ్ళ బాధ పడలేకేమో అనుకున్నాను అప్పట్లో.

"మరప్పుడే అడిగెయ్యలేకపోయావా? అన్నవేగా!"

"అడిగితే ఒప్పుకునేది. చిన్నదాని ముందు తలొంచుకునేది. చిన్నప్పట్నుంచీ అది తలొంచుకుంటే నేను చూడలేనమ్మాయీ. ఇద్దరూ తలెత్తుకునే కలవాలంటే మధ్యలో ఎవడో ఒకడు తిట్లు తినాలి. నాకెలాగూ అలవాటే."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముక్కు తుడుచుకుని లేచాను. "నువ్వేమో నీకు తెలుసని అమ్మకి చెప్పవు. అమ్మేమో నీకేమీ తెలియదనుకుంటోంది. ఈ నాటకం నావల్ల కాదు. ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తాను."

"ఆగు! లైన్ క్లియర్ తీసుకున్నావా?"

"ఇవ్వు మరి."

"ఇవ్వను" అన్నాడు మావయ్య. "లైన్ మీద మనుషులున్నారు. ముట్టుకోకు."

సరేనని మెట్ల వైపు ఒక అడుగు వేశాను. వెనక కుర్చీ కూడా నాతో వచ్చింది. చూసుకుంటే నా చున్నీ అంచుకీ కుర్చీ చేతికీ మధ్య తాడు కట్టి ఉంది.

"మావయ్యా! నెల్లాళ్ళు తాడు ముట్టుకోనని మాటిచ్చావు!"

"మీ అమ్మకి చెప్పకు" అన్నాడు.